బండిని కిందికి దించి, మళ్లీ పైకి లేపిన కథ

విశాఖలో కొత్త బండి కొన్నవాళ్లు ముందు వెళ్లేది ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికే. నా బండి కొత్తది కాదు, చక్రాలే కొత్తవి. అయినా అమ్మ ఊరుకోలేదు. "కాళ్లు మార్చాక కొత్త బండి కిందే లెక్క, పద" అంది. పూజారి గారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి పోనివ్వమన్నారు. పోనిచ్చాను. నాలుగూ చక్కగా చితికాయి. రెండు వీధులు దాటి స్పీడ్ బ్రేకర్ ఎక్కించగానే కింద నుంచి 'ఖర్ర్'మని చప్పుడు. "ఇంకో నిమ్మకాయ మిగిలిపోయిందేమిట్రా?" అంది అమ్మ. కాదు, అది ముందు బంపర్ కింది అంచు.

నాది 2016 మోడల్ బీఎండబ్ల్యూ 320డి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజిన్ గురించి వంక పెట్టడానికేమీ లేదు. నా బాధంతా చూపు గురించే. 17 అంగుళాల చక్రాలు, వాటి పైన ఫెండర్‌కీ టైరుకీ మధ్య అరచెయ్యి దూరేంత ఖాళీ. పక్క నుంచి చూస్తే పంచె ఎగ్గట్టుకుని వాన నీళ్లలో నడుస్తున్న మనిషిలా ఉండేది. బీచ్ రోడ్డులో ఆదివారం పొద్దున్నే బండ్లన్నీ వరసగా ఆగుతాయి కదా, అక్కడ ఓ తెల్ల సెడాన్ నేలకు అతుక్కుని నిలబడి ఉండటం చూశాను. ఆ రోజు ఇంటికి వచ్చాక ఫోన్‌లో చక్రాలు తప్ప ఇంకేం చూడలేదు.

చక్రం కొనడమంటే సైజు, డిజైన్ అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, అందులో సగం లెక్కలే. నా బండికి ఐదు బోల్టులు, అవి 120 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం మీద ఉంటాయి. దాన్నే షాపుల్లో పీసీడీ 5×120 అంటారు. దీని తర్వాత వచ్చిన 3 సిరీస్‌కి అది 112కి మారింది, కాబట్టి 'బీఎండబ్ల్యూ చక్రమే కదా' అని ఏదో ఒకటి తెచ్చుకుంటే బిగదు. మధ్యలో హబ్ (బండి వైపు చక్రాన్ని బిగించే భాగం) కూర్చునే రంధ్రం 72.6 మి.మీ. ఇక ఆఫ్‌సెట్. చక్రం వెడల్పులో సరిగ్గా మధ్య గీతకీ, హబ్‌కి ఆనుకునే ముఖానికీ ఉన్న దూరం అది. రిమ్ మీద ఈటీ అని రాసి పక్కన అంకె వేస్తారు. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి పొడుచుకొస్తుంది.

కంపెనీ చక్రం ఏడున్నర అంగుళాల వెడల్పు, ఈటీ37. నేను మోజుపడింది 19 అంగుళాలది, ఎనిమిదిన్నర వెడల్పు, ఈటీ35. కాగితం మీద లెక్క వేస్తే బయటికి సుమారు 15 మిల్లీమీటర్లు, లోపలికి పదకొండు ఎక్కువ వస్తుంది. ఆ లెక్క నేను వేసింది చక్రాలు కొన్న నాలుగు నెలలకి. కొనేటప్పుడు షాపు కుర్రాడు "ఎక్కుద్ది సార్, ఈ బండికి శానా సెట్లు ఎక్కించినాం" అన్నాడు, నేను తలూపాను. ఎక్కింది కూడా. ఎక్కడం వేరు, తిరగడం వేరు.

చక్రాలు పోత పోసినవి, పేరున్న డిజైన్‌కి నకలు. ముఖం అంతా మెషిన్ కటింగ్‌తో అద్దంలా మెరిసేది. వాటికి 225/40 టైర్లు, అంటే వెడల్పు 225 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం. ఇంతకు ముందున్నవి రన్‌ఫ్లాట్లు, అంటే గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా ఓ 80 కిలోమీటర్లు నడిపి ఇల్లు చేరుకోవచ్చు. ఆ ధీమాతోనే నా బండికి స్టెప్నీ ఇవ్వలేదు. కొత్త టైర్లు మామూలువి. ఆ రెండు వాక్యాలనీ కలిపి ఆలోచించే తెలివి ఆ రోజు నాకు లేదు.

చక్రాలతోపాటే ఎత్తు తగ్గించే స్ప్రింగులు. 35 మి.మీ. దిగుతుందని డబ్బా మీద రాసి ఉంది. షాకప్స్ మార్చలేదు. అవి అప్పటికే 70 వేల కిలోమీటర్లు తిరిగినవి. "బానే ఉన్నాయి, ఇంకో రెండేళ్లు వచ్చేస్తాయి" అన్నారు షెడ్డులో. పొద్దున పదికి బండి ఇచ్చాను, సాయంత్రం ఐదుకి ఇచ్చేశారు. ఒక్క రోజులో అయిపోయిందని వాళ్లని మెచ్చుకున్నాను కూడా.

మొదటి వారం రోజులు గాల్లో తేలాను, అది దాచను. అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు ఫొటోలు తీసుకున్నారు. సాయంత్రం జోడుగుళ్లపాలెం దాటాక రోడ్డు సముద్రం పక్కకి వంగే చోట స్టీరింగ్ తిప్పితే బండి ఒరగకుండా తిరిగేది. ఆ ఆనందం నిజమే.

తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. మేముండేది ఎంవీపీ కాలనీలో. గేటు ముందు కాలువ మీద సిమెంటు ర్యాంపు ఉంది. దాని మీద ఎంత వాలుగా ఎక్కించినా బండి కడుపు రాసుకునేది. మా వాచ్‌మన్ ఆ చప్పుడు విని గదిలోంచి లేచి వచ్చి గేటు తీసేవాడు. హారన్ కొట్టే పని తప్పింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని గీకేది. వెనక ముగ్గురు కూర్చుంటే ఫెండర్ అంచు టైరుని రాసేది. సింహాచలం కొండ మీదికి అత్తగారి కుటుంబంతో వెళ్లిన రోజు మలుపు మలుపుకీ ఆ చప్పుడే. మా మామగారు "అల్లుడుగారూ, టైరు కాలిన వాసనేమో చూడండి" అని మూడుసార్లు అన్నారు. రాత్రిళ్లు హెడ్‌లైట్ వెలుగు ముందులా దూరం పడేది కాదు, ఎత్తు మారాక సెన్సర్‌కి కొత్త లెక్క చెప్పాలట. అమ్మ మోకాళ్ల సంగతి సరేసరి. దిగేటప్పుడల్లా డోర్ పట్టుకుని "నూతిలోంచి లేస్తున్నట్టుందిరా" అనేది.

అన్నిటికంటే బుర్ర తిన్నది హైవే మీద వణుకు. మధురవాడ దాటి ఆనందపురం వైపు వెళ్తూ ముల్లు 90 తాకగానే స్టీరింగ్ సన్నగా వణికేది. 110 దాటితే తగ్గేది. మూడు చోట్ల బ్యాలెన్సింగ్ చేయించాను. మూడు చోట్లా మెషిన్ మీద సున్నా చూపించారు. బండికి బిగిస్తే మళ్లీ వణుకే. చివరికి ఓ టైర్ల షాపులో పెద్దాయన చక్రం విప్పి, మధ్య రంధ్రంలో గోరు పెట్టి చూసి "ఇందులో రింగు ఏదండీ?" అన్నాడు. బయట అమ్మే చక్రాలకు చాలావాటికి రంధ్రం 73.1 పెట్టి పోస్తారు, రకరకాల బండ్లకు సరిపోవాలని. నా హబ్ 72.6. ఆ అర మిల్లీమీటరు ఖాళీని నింపడానికి సన్నని రింగు వేయాలి. అది లేకపోతే చక్రం హబ్ మీద కూర్చోదు, బోల్టుల మీద వేలాడుతుంది, కేంద్రం వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. మెషిన్ మీద కోన్ పెట్టి మధ్యకి తెస్తారు కాబట్టి అక్కడ తేడా తెలియదు. నాలుగు రింగులకీ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. నేను బ్యాలెన్సింగులకి అంతకంటే ఎక్కువే తగలేశాను.

వణుకు పోయిన ఉత్సాహంలో అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాక, అనంతగిరి రాకముందు ఓ మలుపు. ముందు రోజు వాన పడింది. నీళ్లు నిలిచిన చోట లోతు ఎంతో తెలియలేదు. ఎడమ ముందు చక్రం దిగి 'ఠాప్'మంది. దిగి చూస్తే టైరు పక్క గోడ మీద గుడ్డంత ఉబ్బు, రిమ్ లోపలి అంచు వంగి గాలి బుస్సుమంటోంది. 40 సిరీస్ టైరంటే పక్క గోడ 90 మి.మీ. మాత్రమే, 17 అంగుళాల టైరుకైతే 112. ఆ తేడా అంతా గుంతలో కుషన్‌గా పనిచేసేది. స్టెప్నీ లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. అటుగా వచ్చిన జీపు డ్రైవరు నన్ను సిగ్నల్ ఉన్న చోటికి తీసుకెళ్లి దించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఆవిడా పిల్లలూ బండి దగ్గరే కూర్చున్నారు. తిరిగొచ్చేసరికి మా చిన్నది లోయలోంచి వినిపించే కిరండోలు లైను గూడ్స్ బండి చప్పుడు వింటూ, కనపడని వ్యాగన్లని లెక్కపెడుతోంది. ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చేసరికి చీకటి పడింది. విశాఖ దాకా తొమ్మిది వేలు తీసుకున్నాడు.

మర్నాడు పాత ఇనుప సామాన్ల కొట్లో కాటా కనిపిస్తే ఊరికే రెండు రిమ్ములూ తూచాను. కంపెనీ 17 అంగుళాలది పది కిలోల చిల్లర. వంగిన 19ది పదమూడు దాటింది. ఒక్కో చక్రానికీ మూడు కిలోలు ఎక్కువ, అదీ స్ప్రింగ్ కింద చక్రంతో పాటే ఎగిరిపడే బరువు. పాత షాకప్స్ దాన్ని ఆపలేకపోతున్నాయని నాకు నడుములోనే తెలుస్తూ వచ్చింది, పేరు పెట్టలేకపోయానంతే.

ఇదంతా మా బావకి చెప్పుకుంటే, ఆయన లాయరు కదా, బండి గురించి ఒక్క మాట అడగలేదు. "ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు పట్రా" అన్నాడు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, సొంతదారు అలా మారిస్తే ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. "పోలీసు ఆపడం సంగతి పక్కన పెట్టు. రేపు నువ్వు ఎవరినైనా గుద్దితే, ఫెండర్ బయటికి పొడుచుకొచ్చిన టైరు ఫొటో తీసి ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ పక్కన పడేస్తే ఏం చేస్తావ్?" అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. బండి దగ్గరికెళ్లి డ్రైవర్ డోర్ తెరిచి, పిల్లర్ మీద అతికించిన స్టిక్కర్ మొదటిసారి పూర్తిగా చదివాను. గాలి ఎంత కొట్టాలో చూడటానికే అనుకున్న ఆ కాగితం మీద కంపెనీ ఒప్పుకున్న టైరు సైజులున్నాయి. 225/50 ఆర్17 ఉంది, 225/45 ఆర్18 కూడా ఉంది. ఆ రెండిటి వ్యాసం లెక్కేస్తే తేడా మూడు మిల్లీమీటర్లు, అర శాతం కూడా లేదు. స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు.

అలా రెండో దఫా మొదలైంది.

కంపెనీ ఒరిజినల్ 18 అంగుళాల చక్రాలు, ఎనిమిది వెడల్పు, ఈటీ34, చెన్నైలో ఒకాయన అమ్ముతుంటే వీడియో కాల్‌లో చూశాను. ఈసారి ముందు లెక్క వేశాను. బయటికి తొమ్మిది మి.మీ., లోపలికి మూడు. రంధ్రం 72.6, రింగుతో పనిలేదు. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద ఒక్కోటీ తిప్పి చూపించమన్నాను. అంచు ఊగుతుందో లేదో, లోపలి వైపు వెల్డింగ్ మచ్చలున్నాయో లేదో చూసుకున్నాకే డబ్బు పంపాను. మెషిన్ కటింగ్ ముఖం ఉన్నవి వద్దనుకున్నాను, పూర్తిగా పెయింట్ వేసినవే తీసుకున్నాను. దానికి కారణం సముద్రం. నా 19లలో ఒకదాన్ని ఫుట్‌పాత్ కొద్దిగా గీకింది. ఆ గీత దగ్గర పైపూత లేచి, ఉప్పుగాలి లోపలికి దూరి, మూడు నెలల్లో తెల్లని పురుగులు పాకినట్టు చారలు అల్లుకున్నాయి. ఆరేడు కిలోమీటర్లు లోపల ఉన్నవాళ్లకి ఎలా ఉంటుందో గానీ, బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నవాళ్లు అద్దంలాంటి చక్రాలు కొంటే బట్ట పట్టుకుని వాటి పక్కనే కాపురం ఉండాలి.

సస్పెన్షన్ విషయంలో ఒక పట్టాన తేలలేదు. ఎత్తు మరతో సర్దుకునే కాయిలోవర్లు కొందామని మనసు లాగింది. మా బావ మాట, అమ్మ మోకాళ్లు, గేటు ముందు ర్యాంపు, మూడూ కలిసి అడ్డుపడ్డాయి. అదృష్టం బాగుండి కంపెనీ స్ప్రింగులు అటక మీదే ఉన్నాయి, పాత సామాన్లతో పాటు అమ్మేద్దామని మా ఆవిడ రెండుసార్లు దించింది. వాటికి సరిపడే బిల్‌స్టీన్ బీ6 షాకప్స్ తెప్పించాను. అదే కంపెనీలో బీ8 అని ఉంది, అది ఎత్తు తగ్గించిన స్ప్రింగుల కోసం. బీ6 మామూలు ఎత్తుకి. ఇన్సూరెన్స్ వాళ్లకి చక్రాలు, షాకప్స్ వివరం మెయిల్‌లో రాసి పంపాను.

బిగింపు ఈసారి గాజువాక ఆటోనగర్‌లో ఓ మేస్త్రి దగ్గర. మాటలు తక్కువ మనిషి. బండి కిందికి వెళ్లి లైటు వేసి చూసి, ముందు చక్రాన్ని పట్టుకునే ఇనప చెయ్యి (ఆర్మ్) కీలు దగ్గరుండే రబ్బరు బుష్ వేలితో నొక్కి, నన్ను వంగి చూడమన్నాడు. రబ్బరు ఓ పక్క చిట్లి ఉంది. "ఇది ఎవురు బిగించినారండి? గాల్లో ఏలాడదీసి బిగించేసినారు. రబ్బరు మెలి తిరిగిపోద్ది కదా." ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని, మణికట్టు ఓ పక్కకి తిప్పి, అలాగే ఉంచి "ఇలాగే రోజంతా ఉండమంటే?" అన్నాడు. లిఫ్ట్ మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడతాయి. ఆ స్థితిలో బుష్ బోల్టు బిగిస్తే, రబ్బరుకి అదే సొంత స్థానమైపోతుంది. బండి నేల మీదికి దిగాక బరువుకి చెయ్యి పైకి లేస్తుంది, రబ్బరు మాత్రం బోల్టు దగ్గర కదలలేక ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. నాలుగు నెలలుగా బండి కింద నుంచి వస్తున్న 'టక్ టక్' చప్పుడు అదే. ఒక్క రోజులో బండి ఇచ్చేశారని మెచ్చుకున్నానే, ఆ వేగం ఇక్కడ మిగిల్చిందన్నమాట.

ఆయన పని మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాల మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిచాడు. ఆ అంకెలు గోడ మీద సుద్దతో రాశాడు. పక్కనే, కంపెనీ ఎత్తులో ఉన్న ఇలాంటి బండిని ఎప్పుడో కొలిచినవి, పాత డైరీలోంచి తీసి రాశాడు. పాత షాకప్ విప్పి రాడ్‌ని అరచేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోయి, అక్కడే ఉండిపోయింది. కొత్తదానికి కట్టిన పట్టీ కోయగానే రాడ్ దానంతటదే పైకి లేచింది, ఒళ్లు విరుచుకున్నట్టు. నన్ను నొక్కమన్నాడు. ఒంట్లో బరువంతా వేస్తే కొద్దిగా దిగింది. లోపల గ్యాస్ అంత ఒత్తిడితో ఉంటుంది.

షాకప్‌ని పట్టుకునే అడుగు బోల్టు పాతది మళ్లీ వాడనన్నాడు, ఒకసారి సాగిందంటే దాని పని అయిపోయిందట. ఆ బోల్టుల కోసం ఒక రోజు ఆగాం. అన్నీ చేతి బిగువుతో ఉంచి, ఒక్కో మూలా చెయ్యి కింద జాకీ పెట్టి, టేపు కొలత గోడ మీద అంకెకి వచ్చేదాకా లేపి, అప్పుడు బుష్ బోల్టులు బిగించాడు. బిగించినవాటన్నిటి మీదా తెల్ల పెయింట్‌తో గీత గీశాడు. చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) 140 న్యూటన్ మీటర్లకి, 'టిక్' అనగానే ఆపేశాడు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నాడు. వెళ్తే రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి.

అలైన్‌మెంట్ కాగితం చూశాక ఇంకో పాఠం. ఈ బండికి ముందు క్యాంబర్ (చక్రం నిలువుకి ఎంత వాలిందో ఆ కోణం) తిప్పడానికి కంపెనీ మర ఏదీ ఇవ్వలేదు, టో (పై నుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో ఎంత తిరిగిందో అది) ఒక్కటే తిప్పగలం. వెనకయితే రెండూ తిప్పొచ్చు. 35 మి.మీ. దించినప్పుడు ముందు చక్రాలు పైభాగం లోపలికి వాలి, టైరు లోపలి అంచు అరిగిపోయింది, ఏ అలైన్‌మెంట్ షాపూ దాన్ని సరిచేయలేకపోవడానికి కారణం అదీ. ఎత్తు మామూలుకి వచ్చాక అంకెలన్నీ ఆకుపచ్చ రంగులో, అంటే హద్దుల్లోపల, పడ్డాయి.

టైర్లు మళ్లీ మామూలువే వేసుకున్నాను, రన్‌ఫ్లాట్ల గట్టిదనం నాకు నచ్చదు. ఈసారి డిక్కీలో కంప్రెసర్, పంక్చర్ కిట్ పెట్టుకున్నాను. మొత్తం లెక్క చూస్తే రెండో దఫాకి రెండు లక్షల పైన అయింది. మొదటి దఫా సంగతి మా ఆవిడ ముందు మాట్లాడను. 19 అంగుళాలవి మూడు అమ్మేశాను, సగం ధర కూడా రాలేదు. వంగినది సరిచేయిస్తామన్నారు. వంగి మళ్లీ సరిచేసిన పోత చక్రాన్ని ఇంకొకరి బండికి అంటగట్టడం ఇష్టంలేక ఇనుప కొట్లోనే వేసేశాను, ఆ కాటా మీదే.

ఇప్పుడు పక్క నుంచి చూస్తే ఫెండర్ దగ్గర ఖాళీ ఇంకా ఉంది, కాకపోతే చక్రం కాస్త నిండుగా ఉంది కాబట్టి పంచె మోకాలి దాకానే ఉన్నట్టుంది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద అతుకుల దగ్గర ఇదివరకు మూడుసార్లు ఊగేది, ఇప్పుడు ఒక్కసారి దిగి నిలబడుతుంది. మొన్న మళ్లీ అరకు వెళ్లొచ్చాం. ఆ మలుపు దగ్గర గుంత పూడ్చేశారు. అయినా నెమ్మదిగా దాటాను.

రాత్రి పదకొండుకి ఇల్లు చేరాం. ర్యాంపు ఎక్కించి గేటు ముందు నిలబడ్డాను. రెండు నిమిషాలైనా ఎవరూ రాలేదు. హారన్ కొట్టాను. వాచ్‌మన్ కళ్లు నలుపుకుంటూ వచ్చి, "మీరా సార్? సప్పుడు అవలేదు, ఎవరో అనుకున్నా" అన్నాడు.